యూనిఫాం లేకున్నా దొరికిపోతాం

లీవు అయిపోయి విజయవాడలో జమ్మూ వెళ్లే అండమాన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కా. ఒంటి మీద మామూలు టీషర్టే. సెలవు ప్రయాణాల్లో మేం జవాన్లం ఎక్కువగా సివిల్ డ్రెస్సులోనే ఉంటాం, భద్రతకీ అదే మంచిది. కానీ ఏం లాభం? సీటు కింద నల్ల ట్రంకు పెట్టె, దాని మీద తెల్ల పెయింటుతో పేరు, నంబరు. పైగా ఈ కటింగు! వరంగల్ రాకముందే ఎదురు సీటు పెద్దాయన "మిలిటరీయా బాబూ? కాశ్మీరేనా?" అన్నారు. జమ్మూ వైపండీ అని ఊరుకున్నా. యూనిట్ సంగతులు రైల్లో చెప్పం కదా. ఆయనా రెట్టించలేదు, పులిహోర పొట్లం విప్పి సగం నాకు పెట్టారు. నాగపూర్ వచ్చేసరికి అదే బోగీలో మరో ముగ్గురు మనవాళ్లు తేలారు, అందరివీ అవే పెట్టెలు. ఇక జమ్మూ దాకా పేకాటే.