అంగిలి చూడని నోటి పరీక్ష

గోపాలపురం నుంచి దక్షిణంగా ఆంధ్ర సరిహద్దు దాకా, ఒడిశాలోని గంజాం జిల్లా సముద్రతీరంలో తెలుగు మాట్లాడే మత్స్యకారుల ఊళ్ళు చాలానే ఉన్నాయి. పిల్లలు బడిలో ఒడియా చదువుతారు, ఇంట్లో తెలుగు మాట్లాడతారు, పెళ్ళి సంబంధాలు ఇచ్ఛాపురం, సోంపేట వైపు కలుపుకుంటారు. బరంపురంలో ఉంటూ, వీలైనప్పుడల్లా ఈ ఊళ్ళలో జరిగే ఆరోగ్య శిబిరాలకు పేర్లు రాసిపెట్టడానికీ, ఒడియా, తెలుగుల మధ్య మాట అందించడానికీ వెళ్తుంటాను. క్యాన్సర్‌ను ముందే పట్టుకునే పరీక్షలు ఇక్కడ అసలు జరగడం లేదని అనలేను. అయితే జరుగుతున్న పరీక్ష ఈ ఊళ్ళ అలవాటుకు తగినట్టుగా లేదని మాత్రం గట్టిగా చెప్పగలను.

ఆ అలవాటు అడ్డపొగ. చుట్ట వెలిగించి, నిప్పు ఉన్న కొసను నోటి లోపల పెట్టుకుని పీల్చడాన్ని ఉత్తరాంధ్ర తీరమంతా ఆ పేరుతోనే పిలుస్తారు. తాగేవాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ, అందులోనూ నడివయసు దాటినవాళ్ళే ఎక్కువ. ఎందుకని అడిగితే వాళ్ళు చెప్పే కారణాలు పనికి సంబంధించినవే: సముద్రపు గాలికి చుట్ట ఆరిపోదు, నుసి గంపలోని చేపల మీద రాలదు, రెండు చేతులూ పనిలో ఉన్నా పెదాల మధ్య నిలిచి ఉంటుంది. కానీ నిప్పు వేడీ పొగా నేరుగా అంగిలికే తగులుతాయి. ఖైనీ, గుట్కా నమిలేవాళ్ళకు పుండు సాధారణంగా బుగ్గ లోపలో, చిగురు పక్కనో, నాలుక అంచునో మొదలవుతుంది. అడ్డపొగ తాగేవాళ్ళకు అది గట్టి అంగిలి (అంగిలిలో ఎముక ఉన్న ముందు భాగం) మీద వస్తుంది. ఈ అలవాటు లేని ప్రాంతాల్లో అంగిలి మీద క్యాన్సర్ రావడం అరుదు కాబట్టి, చూసేవాళ్ళ కళ్ళు కూడా అటు వెళ్ళవు.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతేమీ కాదు. పొరుగున ఉన్న శ్రీకాకుళం జిల్లాలో పిండ్‌బోర్గ్, మెహతా, గుప్తా తదితర పరిశోధకులు 10,169 మంది గ్రామస్థుల నోళ్ళు పరీక్షించి, అంగిలి మీద కనిపించిన మార్పులను 1971లోనే ప్రచురించారు. తరవాత ఎర్నాకుళం, భావనగర్, శ్రీకాకుళం జిల్లాల్లో 36,000 మందికి పైగా పొగాకు వాడేవాళ్ళను ఎన్నుకుని, ఇంటింటికీ వెళ్ళి నోరు చూసి, అలవాటు మానమని నచ్చజెప్పే పని కూడా జరిగింది. దాని మొదటి అయిదేళ్ళ ఫలితాలు 1986లో వెలువడ్డాయి. అలా చెప్పించుకున్నవాళ్ళలో మానినవాళ్ళూ తగ్గించినవాళ్ళూ ఎక్కువగా ఉన్నారని తేలింది. యాభై ఏళ్ళుగా తెలిసిన విషయం, సరిహద్దుకు ఇవతల ఉన్న ఊళ్ళలో శిబిరం పెట్టేవాళ్ళకు చేరకపోవడం నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది.

దేశవ్యాప్తంగా 2016లో వచ్చిన మార్గదర్శకాల ప్రకారం 30 నుంచి 65 ఏళ్ళ ప్రతి ఒక్కరికీ నోటి పరీక్ష, స్త్రీలకు అదనంగా రొమ్ము పరీక్ష, గర్భాశయ ముఖద్వార పరీక్ష, అయిదేళ్ళకొకసారి జరగాలి. ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి ఒక ఫారం నింపుతుంది, దాన్ని బట్టి సబ్ సెంటర్‌కు పిలుస్తారు. కాగితం మీద ఏర్పాటు మంచిదే. ఆచరణ సంగతి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతుంది. 2019-21 నాటికి దేశంలో 30 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో ముఖద్వార పరీక్ష ఎప్పుడైనా ఒక్కసారి చేయించుకున్నవాళ్ళు 1.9 శాతం మాత్రమే. నోటి పరీక్ష అయితే ఆ స్త్రీలలో నూటికి ఒక్కరికి కూడా జరగలేదు.

నేను చూసిన ఒక శిబిరం గురించి చెబుతాను. తుఫాను షెల్టర్ కింది అంతస్తులో బల్ల వేశారు. చేపల అమ్మకం ముగించుకుని వచ్చిన ఒక ముసలావిడ వంతు వచ్చింది. "నోరు తెరువు మామ్మా" అంటే, "నోట్లో ఏటుంటాది తల్లీ, పళ్ళే నేవు" అని నవ్వింది. పరీక్షిస్తున్న అమ్మాయి ఫోను టార్చి వేసి, చెక్క పుల్లతో రెండు బుగ్గలూ పక్కకు లాగి, నాలుక చాపమని, పైకెత్తమని, నేర్పినట్టే శ్రద్ధగా చూసి, ఏమీ లేదని రాయబోయింది. మామ్మ చీర కొంగు ముడిలో సగం కాలిన చుట్టా అగ్గిపెట్టే కనిపిస్తున్నాయి. తల వెనక్కి వంచి ఒకసారి పైన కూడా చూడమని నేను అడిగాను. అంగిలి మొత్తం తెల్లగా, మందంగా ఉంది. ఆ తెలుపు మధ్య ఎర్రటి చుక్కలు, ఒక పక్కన వేలి గోరంత మేర ఎర్రగా కందిన చోటు. తెలుపూ చుక్కలూ అడ్డపొగ తాగేవాళ్ళలో మామూలుగా కనిపించేవే. భయపడవలసింది ఎర్రగా కందిన చోటును, మానని పుండును చూసి. ఆ అమ్మాయి తప్పేమీ లేదు, ఆమెకు చూపించిన బొమ్మల్లో బుగ్గలు ఉన్నాయి, అంగిలి లేదు.

తల వెనక్కి వంచి చూడటానికి అర నిమిషం కూడా పట్టదు. దానికి డాక్టరే కావాలని కూడా లేదు. తిరువనంతపురం జిల్లాలో 1996లో మొదలైన పెద్ద అధ్యయనంలో శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలే ఇళ్ళకు వెళ్ళి నోళ్ళు చూశారు. పొగాకు, మద్యం అలవాటున్నవాళ్ళలో నోటి క్యాన్సర్ మరణాలు 34 శాతం తగ్గాయని 2005లో ప్రకటించారు. మన దగ్గర కావలసింది ఆ శిక్షణలో ఇక్కడి అలవాటును చేర్చడమే. అడిగే తీరు కూడా మారాలి. అల్లుడో కోడలో పక్కన ఉండగా పొగ తాగుతావా అని అడిగితే ఏ పెద్దావిడా అవుననదు. ఒంటరిగా, అడ్డపొగ పేరెత్తి, రోజుకు ఎన్ని చుట్టలని అడిగితే దాపరికం లేకుండా చెబుతుంది. ఉదయం గుడాఖుతో (పొగాకు కలిపిన ముద్దతో) పళ్ళు తోముకుంటారా అన్నదీ అడగవలసిందే, దాన్ని ఎవరూ పొగాకు కింద లెక్కవేసుకోరు.

వేళ సంగతి కూడా శిబిరం పెట్టేవాళ్ళు పట్టించుకోరు. పొద్దున్న పదింటికి పిలిస్తే చేపలమ్మే ఆడవాళ్ళు ఊళ్ళోనే ఉండరు, సాయంత్రం పెట్టాలి. మగవాళ్ళు కావాలంటే తూర్పు తీరంలో వేట నిషేధం ఉండే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉన్న 61 రోజులే అనువు.

స్త్రీలకు చేయవలసిన ముఖద్వార పరీక్ష మరింత కష్టం, ఎందుకంటే దానికి చాటు కావాలి, తుఫాను షెల్టర్లో చాటు ఉండదు. ముంబయి మురికివాడల్లో పదో తరగతి చదివిన మహిళా కార్యకర్తలు వెనిగర్‌లో ఉండే ఆసిటిక్ ఆమ్లాన్ని పూసి చూసే పరీక్షతోనే ఆ క్యాన్సర్ మరణాలను 31 శాతం తగ్గించగలిగారు. ఆ క్యాన్సర్‌కు కారణమయ్యే హెచ్‌పీవీ అనే వైరస్ ఉందో లేదో చూడటానికి, నమూనాను స్త్రీ తనంతట తానే తీసి ఇచ్చే పరీక్షను కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించింది. మా ఊళ్ళ సిగ్గుకు అదే సరిపోతుందని నా నమ్మకం, అది ఇక్కడిదాకా ఎప్పుడొస్తుందన్నదే ప్రశ్న.

అన్నిటికంటే నన్ను బాధించేది పరీక్ష తరవాతి భాగం. అనుమానం ఉన్నవాళ్ళ పేర్లు రిజిస్టరులో చేరతాయి, బరంపురం వెళ్ళి ముక్క పరీక్ష (బయాప్సీ) చేయించుకోమని చీటీ ఇస్తారు. చీటీ ఒడియాలో ఉంటుంది. ఆసుపత్రిలో ఏ గదికి వెళ్ళాలో, మళ్ళీ ఎప్పుడు రమ్మన్నారో అర్థం కాక ఒకసారి వెళ్ళి వచ్చినవాళ్ళు రెండోసారి వెళ్ళరు. క్యాన్సరని తేలాక కటక్ వెళ్ళమంటే, బంధువులు ఉన్నారనీ భాష తెలుసుననీ విశాఖ వెళ్తామంటారు. అక్కడ ఒడిశా ఆరోగ్య కార్డు చెల్లుతుందో లేదో ఎవరూ చెప్పరు. ఒడిశా 2025లో కేంద్ర ఆరోగ్య బీమా పథకమైన ఆయుష్మాన్ భారత్‌లో చేరింది కనుక, ఆ పథకంలో నమోదైన ఇతర రాష్ట్రాల ఆసుపత్రుల్లో కూడా ఆ కార్డు పనిచేస్తుంది. ఏయే ఆసుపత్రులో రాసిన పట్టిక ఒకటి, తెలుగులో, ప్రతి సబ్ సెంటర్ గోడ మీదా అతికించడానికి ఖర్చేమంత అవుతుంది?

ఆ మామ్మతో ముక్క పరీక్షకు ఆమె మనవరాలు వెళ్ళింది, ఆ పిల్లకు ఒడియా చదవడం వచ్చు కాబట్టి పని జరిగింది. క్యాన్సర్ కాదు గాని, ఆరు నెలలకొకసారి చూపించుకోమన్నారు, చుట్ట మానమన్నారు. రోజుకు ఒకటికి తగ్గించానని చెబుతోంది. శిబిరాల రిజిస్టరులో చివరి గడి "పంపబడినది" అన్న మాటతో ముగుస్తుంది. ఆ పక్కనే మరో రెండు గడులు గీయమని, ఎవరు తోడు వెళ్ళారో, ఏ తేదీన ఫలితం వచ్చిందో రాయమని నిర్వాహకులను అడుగుతున్నాను. వచ్చే వేట నిషేధం నాటికి ఒక్క ఊళ్ళోనైనా అలా రాయిస్తామని వాళ్ళు ఒప్పుకున్నారు.