ఎవరికే జ్వరం?

పొద్దున పదిన్నరకి వాసన హాల్లోకి రాగానే అమ్మ పూజగదిలోంచి అడిగింది, "ఎవరికే జ్వరం?"

మా ఇంట్లో బ్రెడ్డంటే అంతే మరి. నాకు ఏడో తరగతిలో టైఫాయిడ్ వచ్చినప్పుడు రోజుల తరబడి పాలల్లో ముంచిన బ్రెడ్డే పెట్టారు. జ్వరం తగ్గిందంటే బ్రెడ్ మానేసి కారప్పొడి అన్నం తినొచ్చని లెక్క. అలాంటి ఇంట్లో ఇవాళ బ్రెడ్ ఇంట్లోనే తయారైంది.

బ్రెడ్ చేసే మెషీన్ వదినది. పుణె వెళ్ళిపోతూ "నువ్వైనా వాడు" అని ఇచ్చింది. రెండు నెలలు అటక మీదే ఉంది. ఇవాళ ఆదివారం కదా అని దించి, తుడిచి, ఏడూ నలభైకి మొదలుపెట్టాను. ముందు గిన్నెలో 310 మిల్లీలీటర్ల నీళ్ళు, నూనె, పంచదార, ఉప్పు. వాటి మీద మైదా 300 గ్రాములు, గోధుమపిండి 200. పిండి మధ్యలో చిన్న గుంట చేసి ఒకటిన్నర చెంచా ఈస్ట్ వేశాను. ఉప్పూ నీళ్ళూ ముందే ఈస్ట్‌కి తగలకూడదు, అందుకే అది అన్నిటికంటే పైన. మొత్తం మూడు గంటల ఇరవై నిమిషాలని చూపించింది.

ఐదు నిమిషాల తర్వాత మూత తీసి చూస్తే మూలల్లో పొడిపిండి అలాగే ఉంది, ముద్ద కట్టట్లేదు. మనం మర పట్టించే గోధుమపిండి నీళ్ళు బాగా తాగుతుంది. చెంచాడు నీళ్ళు పోసి ఆగాను, మళ్ళీ ఇంకో చెంచాడు. మూడో చెంచాకి పిండంతా ఒక్కసారి దగ్గరకొచ్చి, గిన్నె గోడల్ని తుడుచుకుంటూ గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. వేలితో నొక్కితే గుంట పడి మెల్లగా పైకొచ్చింది. అప్పుడే అమ్మ వచ్చి వంగి చూసి "చపాతీకా?" అంది. "చూద్దువుగాని" అన్నాను.

ఈ చలికి మా ఇడ్లీపిండి పొద్దెక్కేదాకా పొంగదు. ఇది మాత్రం లోపలి తీగతో తనే గోరువెచ్చగా ఉంచుకుంటుంది. అద్దంలోంచి చూస్తుండగానే ముద్ద గిన్నె సగానికొచ్చింది.

ఇళ్ళల్లో వాడే ఈ మెషీన్ గురించి నాకు బాగా నచ్చిన కథ ఒకటుంది. 1985లో జపాన్‌లోని ఒసాకాలో మాత్సుషితా (ఇప్పటి పానసోనిక్) కంపెనీ వాళ్ళు దీన్ని తయారుచేస్తుంటే పిండి సరిగ్గా కలవక పైన మాడి లోపల పచ్చిగా ఉండేదట. ఇకుకో తనాకా అనే సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని ఒసాకా ఇంటర్నేషనల్ హోటల్ బ్రెడ్ మాస్టర్ దగ్గర చేరి, ఆయన పిండిని ఎలా లాగుతున్నాడో, ఎలా మెలితిప్పుతున్నాడో చూసి నేర్చుకుంది. ఆ లాగుడు కోసమే గిన్నె లోపల గట్లు పెట్టారు. మా గిన్నెలోనూ ఉన్నాయి. ఇవాళ వాటిని వేలితో తడిమి చూశాను. ఎవరో ఒకాయన చేతి పనితనం అక్కడ దాగి ఉంది.

పదకొండింటికి గిన్నె బోర్లిస్తే బ్రెడ్ వచ్చింది, అడుగున తిప్పే రెక్క మాత్రం అందులోనే ఇరుక్కుపోయింది. చెంచా కాడతో లాగాను. చల్లారేదాకా ఆగలేక కోశాను, కత్తికి కాస్త అంటుకుంది. పైపొర కరకరలాడింది, లోపల మెత్తగా ఉంది. అమ్మ చివరి ముక్క తీసుకుని ముందు వాసన చూసి, నెయ్యి రాసుకుని పాలు లేకుండానే తినేసింది. ఇంకోటి అడిగింది. నాకు అదే చాలు.

తిన్నాక మాత్రం బ్రెడ్ ఊసెత్తలేదు. "పొద్దున అది పిండి కలిపింది చూడు, అలా ఎంతసేపైనా కలుపుతుందా?" అంది. ఎందుకని అడిగితే, "తోపుకి" అంది.

మణికట్టు నొప్పితో అమ్మ బొబ్బట్లు మానేసి రెండేళ్ళయింది. బొబ్బట్టు పైపొరకి వాడే తోపుపిండి జారుగా కలిపి, నూనె పోస్తూ, సాగేదాకా మర్దించాలి. నన్ను కలపనిచ్చేది కాదు. నా చేతికి ఆ సాగుడు రాదు, నిజమే.

సాయంత్రం పావుకిలో మైదా, చిటికెడు ఉప్పు, పసుపు వేసి, కాల్చకుండా పిండి మాత్రమే కలిపే బటన్ నొక్కాను. నీళ్ళు అమ్మే పోసింది, కొలత లేకుండా. ఆగాక రెండు వేళ్ళతో కొంచెం పిండి పట్టుకుని పైకి లాగింది. జానెడు సాగి తెగింది. "ఇంకో ఐదు నిమిషాలు తిప్పు. నూనె ఇప్పుడు పొయ్యి" అంది. రెండోసారి లాగినప్పుడు తెగలేదు.

నేనిది రాస్తుంటే వంటింట్లో శనగపప్పు ఉడుకుతోంది. బెల్లం తరుగుతూ అమ్మ పిలుస్తోంది, యాలకులెక్కడ పెట్టావని.