నల్లబల్ల మీద ఐదు గడులు

చెన్నపట్నం జార్జిటౌనులో మనం చదివిన బడి రోజుల గురించి మన బ్యాచి సంచికకు ఏదైనా రాయమని నిర్వాహక వర్గం వారు కోరారు. వార్షికోత్సవ నాటకం గురించీ, మనం బఠాణీ అని పిలిచే తోటివాడు గోడ దూకిన మధ్యాహ్నం గురించీ మీలో చాలామంది రాస్తారని తెలుసు కనుక, నేను తెలుగు మాస్టారి ఐదు గడుల గురించే రాస్తున్నాను. ఎనిమిదో తరగతి నాకు లీలగా కూడా గుర్తు లేదు. తొమ్మిదిలో లెక్కలు ఎవరు చెప్పారో మనం దీపస్తంభం అని పిలిచే తోటివాణ్ణి అడిగి తెలుసుకోవాలి. పదో తరగతిలో ఆ కొద్ది రోజులు మాత్రం మాట మాటతో సహా మనసులో నిలిచి ఉన్నాయి.

నీతిపద్యాల పాఠం ముగిసిన మరునాడు మాస్టారు నల్లబల్ల మీద ఐదు గడులు గీసి, వాటి నెత్తిన నమ్మకం, అభిప్రాయం, నియమం, ఆశయం, సిద్ధాంతం అని రాశారు. మన ఇళ్లలో పాటించేవీ, మనం అనుకునేవీ ఒక్కొక్కటే చెప్పమన్నారు. పిల్లి ఎదురైతే ఆగిపోవడం నమ్మకం గడిలో పడింది. శనివారం ఒంటిపూట భోజనం నియమం గడిలోకి వెళ్లింది. కొత్వాల్ చావడి బజారు అన్నదమ్ముల్లో పెద్దవాడు లేచి, తన తండ్రి అప్పు చేసి సరుకు దింపడని చెప్పినప్పుడు, మాస్టారు సుద్దముక్క చేతిలోనే పట్టుకుని, "చేతిలో డబ్బు ఆడని నెలలో కూడానా?" అని అడిగారు. "ఆ నెల కొట్టు మూసేస్తాడండీ" అన్నాడు వాడు. "నష్టం వచ్చిన రోజున కూడా నిలిస్తేనే నియమం, లేకపోతే అది వట్టి అలవాటు" అంటూ ఆయన ఆ మాటను నియమం గడిలో పెద్ద అక్షరాలతో రాశారు. వాడు గర్వంతో ఎర్రబడిన ముఖంతో కూర్చోవడం నాకు ఇప్పటికీ కనిపిస్తోంది.

ఎవరో పిల్లి సంగతి మూఢనమ్మకమని అన్నారు. 'మూఢ' అనే మాటను మనం ఎదుటివాడి నమ్మకానికే తగిలిస్తామని, ఎవడూ తన నమ్మకానికి తగిలించుకోడని మాస్టారు చెప్పారు. చెన్నపట్నంలోనే 1885లో వెలువడిన బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం నిఘంటువు ఆయన బల్ల మీద ఎప్పుడూ ఉండేది. మతం అంటే మొదట అభిప్రాయమేననీ, అభిమతం, సమ్మతం అన్నప్పుడు ఆ అర్థం ఇంకా బతికే ఉందనీ ఆయన చెప్పిన రోజున వెనక బెంచీ దండు కూడా మాట్లాడకుండా విన్నది.

సిద్ధాంతం గడి మాత్రం ఖాళీగానే ఉండిపోయింది. మన శాస్త్రకారులు ముందుగా పూర్వపక్షాన్ని, అంటే తమకు ఎదురుగా నిలిచే వాదాన్ని, లోటు లేకుండా వినిపించి, దానికి సమాధానం చెప్పిన తర్వాతే తమ సిద్ధాంతాన్ని స్థాపించేవారని ఆయన వివరించారు. ఎదుటివాడి వాదాన్ని అతడే ఔననేంత న్యాయంగా చెప్పగలిగినవారు వచ్చి ఆ గడిలో రాయవచ్చునన్నారు. చాలామంది లేచి ప్రయత్నించారు, ఎవరి చేతికీ సుద్దముక్క దక్కలేదు.

డిసెంబరు 15న ఆయన మనల్ని బస్సులో మైలాపూరుకు తీసుకువెళ్లి, రాయపేట హైరోడ్డులో స్వాతంత్ర్య సమరయోధుడు బులుసు సాంబమూర్తి గారి ఇంటి ముందు నిలబెట్టారు. 1952 అక్టోబరు 19న పొట్టి శ్రీరాములు గారు నిరాహారదీక్షకు కూర్చున్నదీ, 58 రోజుల తర్వాత కన్నుమూసినదీ ఆ ఇంట్లోనే. ఆయన 1901లో పుట్టిన అణ్ణాపిళ్లై వీధి మనం రోజూ నడిచే జార్జిటౌనులోదేనని ఆ రోజు విన్నప్పుడు మనం ముఖముఖాలు చూసుకున్నాం. ఆయన దీక్ష ఏ గడిలోకి వస్తుందని మాస్టారు అడిగారు. ఆశయమని చాలామంది అన్నారు. తెలుగువారికి రాష్ట్రం వచ్చినా మద్రాసు రాలేదు కదా, ఆశయం సగమే నెరవేరిందా అని దీపస్తంభం అడిగాడు. ఆశయానికి ఫలితంతో పని ఉంటుంది గాని దీక్షను ఫలితంతో కొలవరాదని మాస్టారు బదులిచ్చారు. హరిజనుల ఆలయ ప్రవేశం కోసం నెల్లూరులో 1946లోనే శ్రీరాములు గారు నిరాహారదీక్ష చేశారనీ, 1952 నాటి దృఢత్వం ఒక్కరోజులో వచ్చింది కాదనీ చెప్పారు. ఆ మధ్యాహ్నం గురించి నేను ఎంత చెప్పినా తక్కువే అవుతుంది.

నా బతుకంతా బడికి నాలుగు వీధుల అవతల, హైకోర్టులోనే గడిచింది. 1986లో నేను ఇంకా జూనియరు వకీలుగా ఉండగా సుప్రీంకోర్టులో బిజో ఇమ్మాన్యుయేల్ కేసు తీర్పు వచ్చింది. జాతీయగీతం పాడే వేళ మర్యాదగా లేచి నిలబడి, మత విశ్వాసం వల్ల గొంతు కలపని ముగ్గురు పిల్లలను కేరళలో బడి నుంచి తీసివేశారు. ఆ పిల్లల నమ్మకం మనకు సబబుగా తోస్తుందా లేదా అన్నది ప్రశ్న కాదనీ, వారు దాన్ని మనస్ఫూర్తిగా నమ్ముతున్నారా అన్నదే చూడాలనీ జస్టిస్ చిన్నపరెడ్డి గారు రాసిన చోట నాకు మన నల్లబల్ల గుర్తుకు వచ్చింది.

కొన్నేళ్లకు, ఆయుధపూజ నాడు తన యంత్రానికి పసుపు కుంకుమలు పెట్టనన్నందుకు ఉద్యోగం పోగొట్టుకున్న ఒక కార్మికుడు నా దగ్గరకు వచ్చాడు. అతనికి పూజ ఇష్టం లేదని వాదిస్తే అది అభిప్రాయంగానే మిగిలిపోయేది. వెనకటి ఏళ్లలో కూడా అతను ఆ రోజున పండుగ బోనసు వదులుకుని సెలవు పెట్టేవాడని హాజరు పట్టీలతో నిరూపించాను. కర్మాగారం వారి పక్షాన్ని వారి వకీలు కంటే వివరంగా నేనే ముందు చెప్పి, తర్వాత ఒక్కొక్క అంశానికీ జవాబు ఇచ్చాను. అతను తిరిగి పనిలో చేరాడు. ఆ తర్వాత ఎన్నో పెద్ద కేసులు గెలిచాను, సీనియర్ అడ్వొకేటుగా గౌను కూడా వేసుకున్నాను, అయినా నాకు ఎక్కువ తృప్తినిచ్చినది ఆ కేసే.

ఇప్పుడు నా ఆఫీసు తంబుచెట్టి వీధిలో ఉంది. జూనియర్లు ఏ కేసులోనైనా తమ వాదన మొదలుపెట్టే ముందు పూర్వపక్షం రాసుకుని రావాలన్నది అక్కడి పద్ధతి. తెలుగు రాని తమిళ పిల్లలు కూడా ఆ మాటనే వాడుతున్నారు. మన బ్యాచి వారి పిల్లలు గాని, మనవలు గాని లా చదువుతూ ఉంటే సాయంత్రం ఐదు దాటాక నా దగ్గరకు పంపండి, వారికి చోటు తప్పక ఉంటుంది.