నెట్ ఇంగ్లీషులో సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ: నేను చదివిన పద్ధతి

యూజీసీ నెట్ (కాలేజీ లెక్చరర్ల అర్హత పరీక్ష) ఇంగ్లీషుకు చదువుతున్న మిత్రులకు, ముఖ్యంగా తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకు ఇది రాస్తున్నాను. నేను మూడోసారికి క్వాలిఫై అయ్యాను. మొదటి రెండుసార్లూ సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ అంటే రచయిత, పుస్తకం, సంవత్సరం అని పట్టిక రాసుకుని బట్టీ పట్టాను. పరీక్ష హాల్లో టెన్షన్‌కి అదంతా కలగాపులగం అయిపోయింది.

నన్ను బాగా ఏడిపించింది థియరీ. వింత కథల గురించి సాహిత్య సిద్ధాంతకర్త టొడొరోవ్ చెప్పిన అన్‌కానీ, ఫెంటాస్టిక్, మార్వెలస్ అనే మూడు రకాలు ఎన్నిసార్లు చదివినా నిలిచేవి కావు. ఒకరోజు చిన్నప్పటి బేతాళ కథలు గుర్తొచ్చాయి. శవంలోంచి బేతాళుడు మాట్లాడితే విక్రమార్కుడు 'ఇది కలా, నిజమా' అని ఆగిపోడు. తిన్నగా జవాబు చెప్తాడు. చదివే మనమూ ఆగం. వింతను వింతగానే ఒప్పేసుకున్నాం కాబట్టి అది మార్వెలస్. ఆ వింతకు చివర్లో మామూలు కారణమేదో తేలితే అన్‌కానీ. ఎటూ తేల్చుకోలేక తటపటాయిస్తున్నంతసేపే ఫెంటాస్టిక్. ఆ రోజు తర్వాత ఈ మూడూ మళ్లీ మర్చిపోలేదు.

సైన్స్ ఫిక్షన్ విమర్శకుడు డార్కో సువిన్‌నూ అలాగే పట్టుకున్నాను. ఆయన చెప్పిన 'నోవమ్' అనేది మన లోకంలో లేని ఒక కొత్త విషయం. కథంతా దాని మీదే నడవాలి, దాని వెనక తర్కం ఉండాలి. 1895లో వచ్చిన హెచ్.జి. వెల్స్ నవల 'ద టైమ్ మెషీన్'లోని కాలయంత్రానికి ఆ తర్కం ఉంది. బేతాళుడికి దాని అవసరమే లేదు.

సంవత్సరాలను విడివిడిగా కాకుండా జంటలుగా చదవండి. 'ఫ్రాంకెన్‌స్టైన్' 1818లో రచయిత్రి పేరు లేకుండా వచ్చింది, మేరీ షెల్లీ సవరించిన ప్రతి 1831లో వచ్చింది. ఆడవాళ్లే ఉండే దేశం కథ, గిల్మన్ 'హెర్‌లాండ్' 1915. దానికి సరిగ్గా పదేళ్ల ముందే, 1905లో, బెంగాల్ రచయిత్రి బేగం రోకేయా కథ 'సుల్తానాస్ డ్రీమ్' అప్పట్లో మన మద్రాసు నుంచి వెలువడే ఇండియన్ లేడీస్ మ్యాగజైన్‌లో అచ్చయింది. అందులో మగవాళ్లు పరదా చాటున ఉంటారు, ఆడవాళ్లు సూర్యరశ్మిని వాడుకుంటూ దేశాన్ని నడుపుతారు. పరీక్ష సంగతి మర్చిపోయి చదివిన కథ అది. అమితావ్ ఘోష్ 'కలకత్తా క్రోమోజోమ్' 1995, దానికి సైన్స్ ఫిక్షన్‌కిచ్చే ఆర్థర్ సి. క్లార్క్ అవార్డు 1997.

నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి ఒక్క ప్రశ్న కూడా వదలొద్దు. ఏ పుస్తకంతో మొదలుపెట్టాలో తెలియకపోతే రోకేయాతో మొదలుపెట్టండి, ఒక్క పూటలో అయిపోతుంది.