11 కట్టలు ముడి విప్పకుండానే తిరిగొచ్చాయి: నా సంగీత పత్రిక అనుభవం

నిన్న సాయంత్రం, నా పత్రికను స్టాండులకు వేయడానికి తీసుకున్న ఏజెంటు దగ్గర లెక్క తేలింది. చేతికొచ్చింది 2,744 రూపాయలు. ఆరు నెలల్లో ఎనిమిదిసార్లు తిరిగితే వచ్చిన డబ్బు ఇది. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను. చల్లారితే నేను సర్దుకుపోతాను, నాలాగే సంగీత పత్రిక పెట్టాలనుకున్న ఇంకొకరు వెళ్లి ఆయన షాపులో నేను కూర్చున్న స్టూలు మీదే కూర్చుంటారు.

విజయవాడలో ఇంటి దగ్గర 22 ఏళ్లుగా గాత్రం నేర్పుతున్నాను. నా దగ్గర నేర్చుకున్నవాళ్లలో నలుగురు ఈరోజు ఆకాశవాణి గ్రేడ్ ఆర్టిస్టులు. ఆ మాట చెప్పుకోవడానికి నాకేమీ సంకోచం లేదు. అయితే మా పిల్లల చేతుల్లో ఉండేవి ఏమిటి? పాటల స్వరం, అంటే స రి గ మ అక్షరాలు, రాసిన కాగితానికి జిరాక్సు, దానికి మళ్లీ జిరాక్సు. చుక్కలు మాసిపోయి, పై షడ్జమో (‘స’) కింది షడ్జమో తెలియని కాగితాలు. ఇంగ్లీషులో చెన్నై నుంచి 1983లో మొదలైన ‘శ్రుతి’ పత్రిక ఉంది. త్యాగయ్య పాడిన భాషలో, పిల్లలు చదువుకుని పాడుకునేలా శుభ్రంగా స్వరం అచ్చువేసి ఇచ్చే పత్రిక ఒకటి తేవాలని నా పట్టుదల. మూడు నెలలకోసారి, 60 రూపాయల ధర, మొదటి సంచిక విజయదశమికి.

పత్రిక రిజిస్ట్రేషన్ గురించి అందరూ భయపెట్టారు. అది తేలిగ్గానే అయింది. 1867 నాటి చట్టం పోయి 2024 మార్చి 1 నుంచి కొత్త చట్టం వచ్చింది, దరఖాస్తు అంతా ప్రభుత్వ వెబ్‌సైటు ప్రెస్ సేవా పోర్టల్‌లోనే. పేర్లు మాత్రం నాలుగైదు ముందే రాసిపెట్టుకోండి. నాదం, స్వరం, రాగం అంటూ మనసుకు తోచే మంచి పేర్లన్నీ ఎవరో ఎప్పుడో తీసుకున్నవే.

ప్రెస్సు పని కూడా బాగానే జరిగింది. లోపల 70 జీఎస్ఎం (కాగితం బరువు లెక్క) మ్యాప్‌లితో కాగితం, కవర్‌కి నున్నటి 170 జీఎస్ఎం ఆర్ట్ పేపర్, మధ్యలో రెండు పిన్నులు. 16 పేజీలు ఒక ఫారం, మూడు ఫారాలు 48 పేజీలు, కవర్ నాలుగు. ఇంకో రెండు పేజీలు పెంచమని మొండికేయకండి, ఫారం లెక్క తప్పితే కాగితం వృథా, డబ్బు వృథా.

డిజైన్ దగ్గర మాత్రం దెబ్బ తిన్నాను. స్వరం అచ్చువేయడం అంటే ఏమిటో కంప్యూటర్‌లో పేజీలు కూర్చే డీటీపీ వాళ్లకు తెలియదు, తెలియకపోవడం వాళ్ల తప్పూ కాదు. తారస్థాయికి (పై స్థాయి) అక్షరం మీద చుక్క, మంద్రస్థాయికి (కింది స్థాయి) అక్షరం కింద చుక్క, రెండో కాలానికి, అంటే రెట్టింపు వేగానికి, పైన ఒక గీత, మూడో కాలానికి రెండు గీతలు. తెలుగులో ‘రి’కీ ‘ని’కీ పైన గుడి ఉంటుంది, చుక్క వెళ్లి ఆ గుడి మీద కూర్చుంటుంది. ‘ద’ కింద పెట్టిన చుక్క అక్షరానికి అంటుకుంటే ‘ధ’ లాగా కనిపిస్తుంది. గీత తలకట్టులో కలిసిపోతుంది. సీసం అక్షరాలు చేత్తో పేర్చే రోజుల్లో, 1904లో, సుబ్బరామ దీక్షితులు ఎట్టయపురంలో ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ అనే సంగీత గ్రంథాన్ని తెలుగు లిపిలో అచ్చు వేయించారు. స్థాయి చుక్కలే కాదు, ఏ గమకానికి (స్వరాన్ని ఊపి పలికే తీరు) ఆ గుర్తు విడిగా పెట్టారు. నూట ఇరవై ఏళ్ల తర్వాత కంప్యూటర్ ముందు కూర్చుని మనం చుక్క సరిగా పెట్టలేకపోవడం నాకు చాలా బాధగా అనిపించింది.

మా డీటీపీ అబ్బాయి అను ఫాంట్లలో టైపు చేసి, చుక్కల్ని విడిగా బొమ్మల్లాగా పైన అతికించాడు. ప్రూఫు చూశాను, సరిగానే ఉంది. ఆ తర్వాత చివరి నిమిషంలో ఒక బట్టల కొట్టు అరపేజీ ప్రకటన వచ్చింది. అది ఇరికించేసరికి అక్షరాలు ఒక వరస కిందికి జరిగాయి, చుక్కలు ఉన్నచోటే ఉండిపోయాయి. మోహన రాగంలో వర్ణం (కృతుల కంటే ముందు నేర్పే రచన) రెండు పేజీలూ చుక్కలు ఒక స్వరానివి ఇంకో స్వరం మీద. వెయ్యి కాపీలు అలాగే అచ్చయ్యాయి.

విజయనగరం నుంచి ఒక పెద్దాయన ఫోను చేశారు. మహారాజా సంగీత కళాశాలలో చదివి, జీవితమంతా వయొలిన్ నేర్పినవారు. ఆయన కోప్పడలేదు. “అమ్మా, ఈ వర్ణం అచ్చుకిచ్చే ముందు నువ్వొకసారి పాడుకున్నావా?” అన్నారు. పాడుకోలేదు. ప్రకటన వచ్చాక పేజీ మళ్లీ చూడలేదు. ఫోను పెట్టేసి చాలాసేపు ఏడ్చాను.

ఇప్పుడు యూనికోడ్ ఫాంటుకి మారిపోయి, ఒక్కో ఆవర్తనాన్ని (తాళం ఒక చుట్టు) టేబుల్‌లాగా గీయిస్తున్నాం. ఆది తాళమైతే ఎనిమిది గళ్లు, నాలుగు, రెండు, రెండు చొప్పున మధ్యలో నిలువు గీతలు. స్వరాల వరసకు పైన చుక్కలకో వరస, కింద ఇంకో వరస. గడి కదిలితే చుక్క కూడా దానితోపాటే కదులుతుంది. ఎవరు స్వరం అచ్చువేసినా ఇలాగే చేయించండి. ప్రకటన ఆలస్యంగా వస్తే, ఎంత డబ్బయినా సరే, తర్వాతి సంచికకు వేసుకోండి.

ఇక ఏజెంటు సంగతి.

బస్టాండుకు దగ్గర్లో షాపు. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో స్టాండులన్నింటికీ వారపత్రికలు ఆయనే వేస్తారని చెప్పారు. కమీషన్ నూటికి 40. అమ్మిన కాపీలకే డబ్బు, మిగిలినవి రిటర్న్. రాతకోతలు ఏమీ లేవు, ఒక డెలివరీ చీటీ, అంతే. 30 కాపీలకు ఒక కట్ట చొప్పున 20 కట్టలు, మొత్తం 600 కాపీలు ఇచ్చాను. ఆ కట్టలు ప్రెస్సులో కట్టించినవి కావు. దసరా ముందు రెండు రాత్రులు నేనూ మా అమ్మాయీ ఇంట్లో నేల మీద కూర్చుని పురికొసతో కట్టాం. ప్రతి కట్ట మీదా నా చేత్తో అంకె రాసిన చీటీ పెట్టాను.

నెల తర్వాత వెళ్తే “లెక్క ఇంకా రాలేదు మేడమ్” అన్నారు. తర్వాతి నెలా అదే. షాపులో కుర్రవాడు లోపలికి తొంగిచూసి “ఆ పాటల పుస్తకం మేడమ్ మళ్లీ వచ్చారు సార్” అని కేకేశాడు. పాటల పుస్తకం అంటే నాకు చిన్నతనం కాదు. చిన్నప్పుడు హాలు బయట అమ్మే సినిమా పాటల పుస్తకాలు చూసే మా అమ్మ పాటలు నేర్చుకుంది. బాధ కలిగించింది ఆ ‘మళ్లీ’ అన్న మాట. స్టూలు మీద గంటన్నర కూర్చోబెట్టారు. నా తర్వాత వచ్చినవాళ్లంతా పని చూసుకుని వెళ్లిపోయారు. మా దగ్గర నేర్చుకునే ఒక పాప వాళ్ల నాన్న ఏదో మాస పత్రిక కోసం వచ్చి నన్ను చూసి, “టీచర్ గారూ, మీరిక్కడా?” అన్నారు. ఏం చెప్పాలో తోచలేదు.

చివరికి ఆయన బయటికొచ్చి చెప్పిన మాట ఇది: “ఏమీ అనుకోకండి మేడమ్, సినిమా బొమ్మ లేని పత్రిక ఎవరు కొంటారండీ? కవర్ మీద ఒక హీరోయిన్‌ని వేయండి, లోపల మీ సరిగమలు మీరు వేసుకోండి.”

డిసెంబరులో రిటర్న్స్ తీసుకెళ్లమని ఫోను చేశారు. వెళ్లి చూస్తే గోడ వారగా, వాన నీళ్లు పడే చోట పెట్టారు. 471 కాపీలు. అందులో 11 కట్టలకు ముడి కూడా విప్పలేదు. నేను కట్టిన ముడి, నేను రాసిన అంకె. 330 కాపీలు ఆ గది దాటి బయటికే వెళ్లలేదు. ఎవరూ కొనలేదని నాకు చెప్పిన పత్రికను ఎవరికీ చూపించనే లేదు! చీటీ చూపించి అడిగితే “అన్నీ స్టాండులకు వెళ్లొచ్చినవే మేడమ్” అన్నారు. నా చేతి ముడి నాకు తెలియదా?

అమ్మినవి 129. కమీషన్ పోను నాకు రావలసింది 4,644 రూపాయలు. అది అడగడానికి ఇంకో నాలుగు నెలలు పట్టింది. నిన్న కాగితం తీసి రవాణాకీ, కట్టలు మోయించినందుకూ అని 1,900 కొట్టేశారు. మొదట చెప్పని ఖర్చు ఇప్పుడెక్కడిదని గట్టిగా అడిగాను. గొంతు నాకు తెలియకుండానే పై స్థాయికి వెళ్లింది, షాపంతా తిరిగి చూసింది. డబ్బు మాత్రం పెరగలేదు. మిగతాది ఫోన్‌పే చేశారు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. సంగీతం నేర్పేవాళ్లకు డబ్బు అడగడం రాదని లోకానికి బాగా తెలుసు. కచేరీకి పిలిచి శాలువా కప్పి పంపేవాళ్లకూ తెలుసు, మూడు నెలల ఫీజు ఆపేవాళ్లకూ తెలుసు. విద్య అమ్ముకోకూడదని మనకు నేర్పినవాళ్లెవరూ మనల్ని మోసం చేయకూడదని వాళ్లకు నేర్పలేదు. కాబట్టి చెల్లెళ్లూ, ఏజెంటుకు ఒక్క కాపీ కూడా అరువివ్వకండి. ఇచ్చినా 50కి మించి ఇవ్వకండి, కాగితం మీద సంతకం పెట్టించుకోండి, రిటర్న్‌కు తేదీ రాయించండి.

నా తప్పు ఒకటి ఉంది, అదీ చెప్తాను. స్టాండు మీద పత్రికలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి, పై భాగమే కనిపిస్తుంది. నేను పై భాగమంతా ముదురు ఎరుపు ఖాళీగా వదిలి, వీణ బొమ్మ మధ్యలో పెట్టి, పత్రిక పేరు కింద వేయించాను. టేబుల్ మీద పెడితే ఎంతో అందంగా ఉంది. స్టాండు మీద అది పేరు లేని పత్రిక. రెండో సంచిక నుంచి పేరు పైనే, తెల్లటి అక్షరాల్లో.

రిటర్న్ కాపీలు ఆటోలో ఇంటికి తెచ్చాక సరిచేసిన వర్ణం నాలుగు పేజీలుగా విడిగా అచ్చువేయించి ప్రతి కాపీలో పెట్టాం. చందాదారులకు కూడా పోస్టులో పంపాం. జనవరిలో త్యాగరాజ ఆరాధన వచ్చింది, రెండో సంచిక కూడా అప్పటికి సిద్ధమైంది. నిర్వాహకులను అడిగితే చెప్పుల స్టాండు పక్కన చిన్న టేబుల్‌కి చోటిచ్చారు. వాళ్లకు ఎప్పటికీ రుణపడి ఉంటాను. మూడు సాయంత్రాల్లో రెండు సంచికలూ కలిపి 212 కాపీలు అమ్ముడుపోయాయి. పంచరత్నాల గోష్ఠిగానం అయిపోయి జనం బయటికొచ్చిన ముప్పావు గంటలోనే 90 పోయాయి. నాట నుంచి శ్రీరాగం దాకా గొంతు కలిపి పాడి వచ్చినవాళ్ల చేతికి పత్రిక ఇస్తే, వాళ్లు ముందు తెరిచేది స్వరం ఉన్న పేజీనే. అక్కడే నిలబడి కూనిరాగం తీసి చూసుకుని కొన్నవాళ్లు ఉన్నారు. ఆ మూడు రోజులూ స్టూలు మీద కూర్చున్న సంగతి నాకు గుర్తే రాలేదు.

ఫేస్‌బుక్‌లో ప్రకటనకు 3,000 పెట్టాను. లైకులు బోలెడు, చందాలు రెండు. ఆ డబ్బుతో 50 కాపీలు సంగీతం టీచర్లకు ఉచితంగా పంపి ఉంటే ఎంతో బాగుండేది. ఇప్పుడు అలాంటిదే చేస్తున్నాం: టీచర్‌కి ఐదు కాపీలు పంపితే నాలుగింటికే డబ్బు తీసుకుంటాం. ఒక్క టీచర్ దగ్గర ఇరవై మంది పిల్లలుంటారు, సర్టిఫికెట్, డిప్లొమా పరీక్షలకు కూర్చునేవాళ్లుంటారు. స్వరం పక్కన క్యూఆర్ కోడ్ పెట్టి, నెమ్మదిగా ఒకసారి, మామూలు వేగంతో ఒకసారి నేనే పాడి పెడుతున్నాను. డాలస్‌లో ఉండే ఒక తల్లి పీడీఎఫ్ చందా కట్టి, వాళ్ల పాప జూమ్ క్లాసులో అందరికీ చూపించారు. అలా ఇంకో తొమ్మిది మంది చేరారు.

పోస్టు రాయితీ మాత్రం మాకు దొరకలేదు. రిజిస్టర్డ్ న్యూస్‌పేపర్‌గా తక్కువ ఖర్చుతో పంపాలంటే కనీసం 50 మంది చందాదారులు ఉండాలి, సంచికకూ సంచికకూ మధ్య 31 రోజులు మించకూడదు అన్నారు. చందాదారులు ఉన్నారు కానీ, మాది మూడు నెలలకోసారి వచ్చే పత్రిక. ఇది ముందే కనుక్కోండి. కౌంటర్లో ఉన్న అమ్మాయి మర్యాదగా కూర్చోబెట్టి వివరంగా చెప్పింది, ఆ కాస్త మర్యాదకే నాకు ఏడుపొచ్చింది.

మూడో సంచిక 700 వేస్తున్నాం. ఏజెంటుకు ఒక్కటీ లేదు. ఆభోగి వర్ణం ప్రూఫు నిన్న రాత్రి వచ్చింది, రెండుసార్లు పాడుకున్నాను. పై షడ్జం మీద చుక్క సరిగ్గానే ఉంది. అయినా ఇవాళ పొద్దున స్పీడ్ పోస్టులో విజయనగరం పెద్దాయనకు పంపాను. ఆయన చూసి సరే అన్నాకే ప్రెస్సుకి వెళ్తుంది.