ముక్కు లోపలి గోడ సరిచేయించుకున్నాక

అనంతపురం వైపు నుంచి ఉద్యోగాల కోసం వచ్చి బెంగళూరులో స్థిరపడిన మా వంటివారు ముక్కు దిబ్బడ వేస్తే ముందుగా ఊరిని నిందిస్తారు. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న ఊరి చలిగాలి, రోడ్ల మీది దుమ్ము, ఖాళీ స్థలాల్లో పెరిగే వయ్యారిభామ పుప్పొడి, ఇవేవీ అబద్ధం కాదు. అయితే నా ఎడమ ముక్కు ఏ కాలంలోనైనా, ఏ ఊళ్లోనైనా మూసుకునే ఉండేది. రెండు ముక్కుపుటాల మధ్య ఉండే గోడ ఎడమకు వంగిపోయిందని, దాని అడుగున ఎముక మొనదేలి ఉందని సీటీ స్కాన్‌లో కనిపించడంతో ఈఎన్‌టీ డాక్టరుగారు సెప్టోప్లాస్టీ, అంటే ఆ గోడను సరిచేసే ఆపరేషన్, చేయించుకోమన్నారు.

ఆపరేషన్ గురించి నేను చెప్పగలిగింది తక్కువ, ఎందుకంటే పూర్తి మత్తులో ఉన్నాను. బయట ఎక్కడా కోత పెట్టకుండా ముక్కురంధ్రంలోంచే లోపలి పొరను విడదీసి, వంకరపోయిన మృదులాస్థినీ ఎముకనూ సరిచేసి, ముక్కు లోపల పక్కగోడల మీద మడతల్లా ఉండే, ఉబ్బిన టర్బినేట్లను కొంత తగ్గించి, గోడ నిలకడగా ఉండేందుకు రెండు పక్కలా పల్చటి సిలికాన్ రేకులు పెట్టి కుట్టారు. ముక్కు ఆకారం మార్చే చికిత్స ఇది కాదు. ఈ సంగతి ఎంత చెప్పినా, చూడటానికి వచ్చిన చుట్టాలందరూ ముందు నా ముక్కు కొన కేసి చూసి, ఆ తరువాతే కుశలం అడిగారు.

నొప్పి నేను భయపడినంత లేదు. భరించలేకపోయింది రాత్రులను. ఆస్పత్రి నుంచి పంపేటప్పుడు ఇచ్చిన కాగితంలో ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో వివరంగా రాశారు గాని, ముక్కు పూర్తిగా మూసుకుపోయిన మనిషి ఎలా నిద్రపోతాడో ఒక్క ముక్క రాయలేదు. తల ఎత్తుగా ఉండాలి కాబట్టి దిండ్లకు ఆనుకుని కూర్చున్నట్టే పడుకోవాలి. గాలిని వెచ్చచేసి తడిపి లోపలికి పంపే పని ముక్కుది గనుక, ఆ పని నోటి మీద పడేసరికి కాసేపటికే నాలుక అంగిలికి అతుక్కుపోయి మెలకువ వచ్చేది. గుక్కెడు నీళ్లు మింగుదామంటే, ముక్కు మూసి ఉన్నందున మింగిన ప్రతిసారీ చెవులు లోపలికి లాగినట్టయ్యేవి. తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి, చీదకూడదు, వంగి చెప్పుల పట్టీ కూడా పెట్టుకోకూడదు.

తోడుగా ఉండటానికి వచ్చిన మా అక్కకు వీటన్నిటికంటే పెద్ద కష్టం నా భోజనం. వేడి పదార్థాలు రక్తనాళాలను విప్పారేలా చేసి మళ్లీ రక్తం కారేందుకు దారి తీయవచ్చని డాక్టరుగారు వద్దన్నారు. “మిరియాల చారు చల్లార్చి పోయమంటున్నావేమిరా, అది మందా, తిండా?” అని అక్క విసుక్కుంటూనే అన్నం మెత్తగా పిసికి పెట్టేది. వాసన తెలియని నాలుకకు ఉప్పు, పులుపు, కారం విడివిడిగా తగిలాయి తప్ప అది చారన్న గుర్తు మాత్రం రాలేదు.

దాదాపు వారానికి కుట్టు కత్తిరించి రేకులు తీశారు. అంత పొడవైనవి నా ముక్కులో ఇమిడి ఉన్నాయంటే ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు. కళ్ల వెంట నీళ్లు కారుతుండగానే ఎడమ ముక్కులోకి చల్లటి గాలి జర్రున ఎక్కింది. ఆ సంబరం ఆ సాయంత్రం దాకానే నిలిచింది. లోపలి పొర వాపు తగ్గక, పక్కులు కట్టి మళ్లీ దిబ్బడ వేసింది. అక్కడి నుంచి నన్ను గట్టెక్కించింది ఉప్పునీటి కడుగుడేనని నా అభిప్రాయం.

దీనికి నీరు తప్పనిసరిగా కాచి చల్లార్చినదై ఉండాలి. కేరళలో 2024, 2025 సంవత్సరాల్లో వార్తలకెక్కిన మెదడు తినే అమీబా నీటితోపాటు ముక్కులోకి వెళితే వాసన నరం వెంబడి మెదడుకు చేరుతుంది. తాగితే ఆ ప్రమాదం లేదు. మా అపార్ట్‌మెంటుకు వచ్చేది ట్యాంకరు నీరు కాబట్టి అక్క ఈ విషయంలో నాకంటే కఠినంగా ఉండేది. లీటరు నీటికి 9 గ్రాముల ఉప్పు పడితే అది మన ఒంటిలోని ఉప్పదనానికి సరిపోయి మంట పుట్టదు. వాష్‌బేసిన్ మీదికి వంగి, నోటితో ఊపిరి తీస్తూ, ఒక రంధ్రంలోకి సీసాను మెల్లగా నొక్కితే రెండో రంధ్రంలోంచి నీటితోపాటు గోధుమరంగు పక్కులు, అప్పుడప్పుడు కరగని దారపు ముక్క బయటికి వచ్చేవి. చూడటానికి అసహ్యమే గాని, పక్కు ఊడిన ప్రతిసారీ ఎంత హాయి!

వాసన గ్రహించే పొర ముక్కు పైకప్పున ఉంటుంది. వాపు దిగి గాలి అక్కడిదాకా వెళ్లిన రోజున నాకు మొట్టమొదట తగిలింది మెట్ల మీద పోసిన ఫినాయిలు. మాగాయ ఘాటు తరువాత చాలా రోజులకు గాని రాలేదు. పై ముందు పళ్లు, వాటి వెనుక అంగిలి మాత్రం ఇంకా కొద్దిగా మొద్దుబారి ఉన్నాయి. అక్కడికి వెళ్లే నరం మధ్య గోడ వెంబడే సాగుతుంది గనుక కొందరికి ఇలా అవుతుందని, క్రమంగా సర్దుకుంటుందని డాక్టరుగారు అన్నారు. జామకాయ కొరికితే పళ్లు తన్నుకున్నట్టు తెలుస్తుంది గాని దాని గట్టిదనం తెలియదు.

గోడ నిటారైనంత మాత్రాన దుమ్ము అలర్జీ పోదు. అందుకు స్టెరాయిడ్ స్ప్రే కొనసాగుతోంది. మందు మధ్య గోడకు కాక పక్కగోడ మీద పడేందుకు కుడి రంధ్రంలో ఎడమ చేత్తో, ఎడమ రంధ్రంలో కుడి చేత్తో కొట్టుకోవాలని డాక్టరుగారు నా చేతులు మార్చి మరీ చూపించారు.