బండ్లు పోయినా బాట మిగిలింది

న్యూ మెక్సికో ఎడారిలో ఎల్ కమీనో రియల్ పాత బాట మీద కాసేపు నడిచొచ్చాం. మెక్సికో సిటీ నుంచి శాంటా ఫే వైపు సుమారు 2,560 కిలోమీటర్ల దారి. మెక్సికోలోని జకటెకాస్ వెండి గనులతో ఊపందుకుంది. 1598లో స్పెయిన్ వలస నాయకుడు హువాన్ దె ఒన్యాతె బృందం దాన్ని ఇటు పొడిగించింది. మేం వెళ్లింది ఆ దారిలో హోర్నాడా దెల్ మ్యూర్తొ అనే ఎడారి భాగానికి. దాదాపు 145 కిలోమీటర్లు నీటికి కటకట. ఒన్యాతె మనుషులు దాహంతో అల్లాడుతుంటే ఓ కుక్కపిల్ల బురద కాళ్లతో తిరిగొచ్చిందట, దాన్నిబట్టే నీటిగుంటలు దొరికాయట!

"దీనికోసమా ఇంత దూరం?" అన్నారు మా ఆయన. నిజమే, కోటలూ లేవు, గోడలూ లేవు. ఎండ ఏటవాలుగా పడ్డాక కనబడింది: నేలలో వెడల్పాటి పల్లం, అందులో గడ్డి రంగే వేరు. శతాబ్దాల పాటు ఎడ్లబండ్లు, కంచరగాడిదలు తొక్కిన జాడ.

పురావస్తువాళ్లు ఇలాంటి జాడల్ని గాలిలోంచి తీసిన ఫోటోల్లో వెతికి, తర్వాత నడుస్తూ వెతుకుతారు. చిన్న పింగాణీ ముక్క పడున్న చోటే వాళ్లకి ఆధారం. జేబులో వేసుకుంటే అది ఉత్త చిల్లపెంకు. ఫెడరల్ (అమెరికా కేంద్ర ప్రభుత్వ) భూమిలో అలా తీసుకోవడం నేరం కూడా.

అమెరికా 2000లో దీన్ని జాతీయ చారిత్రక మార్గం చేసింది. మెక్సికో వైపు భాగం 2010లో యునెస్కో జాబితాకెక్కింది. నన్నడిగితే కంచెలు, టైల్సు వేయకుండా వదిలేయడమే మేలు.

వెళ్లేవాళ్లు నీళ్లు దండిగా పెట్టుకోండి, ఫోన్ సిగ్నల్‌ని నమ్ముకోకండి.